ఓడ నమూనాకు అద్దాల పెట్టె: నెల్లూరులో చేయించుకున్న అనుభవం

నెల్లూరులో ఓడ నమూనాకు అద్దాల పెట్టె ఎక్కడ చేయించాలని ఎవరైనా అడిగితే, పొగతోటలో ఆసుపత్రుల వెనక సందులో ఉన్న అద్దాల కొట్టుకు వెళ్ళమని చెబుతాను. దానికి బోర్డు లేదు. గుమ్మం పక్కన గోడకు ఆనించి పెట్టిన గాజు పలకలే గుర్తు. వాళ్ళు ఎక్కువగా కిటికీలకు, షోకేసులకు, చేపల తొట్లకు పని చేస్తారు. ఓడకు పెట్టె చేయడం వాళ్ళకు ఇదే మొదటిసారి. అయినా నేను అడిగినవన్నీ విన్నారు, నాకు తోచని ఒక మంచి ఉపాయం వాళ్ళే చెప్పారు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను. పని తీరుతో పాటు పెట్టె ఎలా ఉండాలో కూడా రాస్తాను. అది తెలియకపోతే ఎంత మంచి పనివాడు దొరికినా అందమైన పెట్టె వస్తుంది గానీ లోపలి ఓడ నిలవదు.

మా ఇంట్లో ఉన్నది ‘కటీ సార్క్’ నమూనా. అసలు ఓడను 1869లో స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో కట్టారు. చైనా నుంచి లండన్‌కు తేయాకు మోయడానికి కట్టిన తెరచాప ఓడ అది. అదే ఏడాది సూయజ్ కాలువ తెరుచుకోవడంతో తేయాకు క్రమంగా ఆవిరి ఓడల పాలైంది. తర్వాత ఇది ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసి పేరు తెచ్చుకుంది. మర్చంట్ నేవీలో ఇంజినీరుగా ఉన్న మా తమ్ముడు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా కొంత కొంతగా ఈ నమూనా కట్టాడు. సన్నటి చెక్క పట్టీలు ఒక్కొక్కటిగా వంచి అతికించాడు. మూడు స్తంభాలు, వాటికి అడ్డకొయ్యలు, ఆ కొయ్యల నుంచి దిగే దారాలు. ప్రతి దారమూ బియ్యపు గింజంత కప్పీలోంచి దూరి వచ్చి, డెక్కు అంచున ముడిపడుతుంది. మళ్ళీ ఓడ ఎక్కుతూ, “అక్కా, దీన్ని నువ్వే చూసుకోవాలి” అని నాకు అప్పగించి వెళ్ళాడు.

అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక యాక్రిలిక్ పెట్టె తెప్పించాం. కంపెనీ పేరు రాయను. పలకలు విడివిడిగా వచ్చాయి, బిగించడం తేలికే. యాక్రిలిక్ అద్దంలో సగం బరువు కూడా ఉండదు, అద్దంలా తేలికగా పగలదు, వెలుతురును అద్దం కన్నా కొంచెం బాగానే పోనిస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనూ యాక్రిలికే కొనమంటాను. కానీ పొడి గుడ్డతో తుడిస్తే చాలు, దాని మీద స్థిర విద్యుత్తు పుట్టి చుట్టుపక్కల దుమ్మంతా లాగేసుకుంటుంది. కాస్త గరుకు తగిలితే గీత పడుతుంది. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు, స్పిరిట్ దానికి తగలకూడదు, సన్నటి పగుళ్ళు వస్తాయి. ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది దాని అడుగు పీఠం. పొడి చెక్కను జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలక అది, పైన నల్ల కాగితం అతికించి ఉంది. పెట్టెకు ఎక్కడా చిన్న రంధ్రం కూడా లేదు. దుమ్ము చొరకుండా పూర్తిగా మూసి ఉండటమే దాని గొప్పతనమని ప్రకటనలో రాశారు.

మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఆ వానలు వెళ్ళాక చూస్తే ఓడ ముందు కొసన వేలాడే రెండు లంగర్ల మీద తెల్లటి పొడి కనిపించింది. బూజు అనుకోవడానికి వీల్లేదు. బూజు దూదిలా అల్లుకుంటుంది, ఇది పిండిలా రాలుతోంది, కింద లోహం గుంటలు పడి ఉంది. నేను ఇంటర్ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెప్పేదాన్ని. చూడగానే సీసం చెడిపోతోందని అర్థమైంది. నమూనా ఓడల సెట్లలో వచ్చే లంగర్లు, చిన్న ఫిరంగులు తెల్ల లోహంతో పోతపోస్తారు, వాటిలో చాలావాటిలో సీసం కలుస్తుంది. చెక్క నుంచి, ఎం.డి.ఎఫ్. జిగురు నుంచి, వడ్రంగులు వాడే తెల్ల జిగురు నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తుంటుంది. తెరిచిన గదిలో అది గాలిలో కలిసిపోతుంది. మూసిన పెట్టెలో ఎటూ పోలేక సీసం మీద పని చేస్తుంది. తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే సీసం తెల్లటి కార్బొనేట్‌గా మారుతుంది. అలా మారేటప్పుడు ఆమ్లం ఖర్చయిపోదు, మళ్ళీ విడుదలై పక్కనున్న సీసాన్ని పట్టుకుంటుంది. అందుకే ఆమ్లం చాలా కొంచెమే ఉన్నా ఈ జబ్బు ఆగదు. పూర్వం ఐరోపాలో తెల్ల రంగు కోసం సీసపు రేకులను కుండల్లో వెనిగర్ మీద ఉంచి మూసిపెట్టి సరిగ్గా ఇదే పని కావాలని చేసేవారు. పెయింటు కొట్లలో ఒకప్పుడు సఫేదా పేరుతో అమ్మింది దాన్నే.

ఆ పొడి విషం. ఎవరింట్లోనైనా కనిపిస్తే ఊదవద్దు, పొడి బ్రష్‌తో దులపవద్దు. చేతికి తొడుగు వేసుకుని తడి దూదితో ఎత్తి, ఆ దూదిని పొట్లం కట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. మేము ఆ రెండు లంగర్లను తీసేసి, తమ్ముడు పంపిన ఇత్తడి లంగర్లు కట్టాం.

ఇక పొగతోట కొట్టు. యజమాని అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఉంటాడు. నేను కాగితం మీద పెట్టె బొమ్మ గీసుకుని, కొలతలు రాసుకుని వెళ్ళాను. ఓడ పొడవు 85 సెంటీమీటర్లు, వెడల్పు అడ్డకొయ్యల చివర్ల దగ్గర 25, ఎత్తు 50. చుట్టూ కనీసం 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలన్నది నా లెక్క. అంతకన్నా తగ్గితే లోపల చేయి ఆడదు, దారానికి వేలు తగులుతుంది. అలా లోపలి కొలత 95, 35, 60 అయింది.

ఆయన కాగితం చూసి మొదట అడిగిన ప్రశ్న, “మేడమ్, దీన్ని ఎత్తేది ఎవరు?”

సరైన ప్రశ్న. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది. ఈ కొలతలకు నాలుగు పక్కలు, పైకప్పు కలిపితే దాదాపు 24 కిలోలు. నేను గీసింది మొత్తం ఒకే మూత, పైకెత్తి తీసే పద్ధతి. అంత బరువును స్తంభాలకు తగలకుండా నిటారుగా అరవై సెంటీమీటర్లు పైకి లేపడం ఇద్దరికి కూడా ప్రమాదమే. ఆయన ముందు పలకను మాత్రం విడిగా ఉంచారు. రెండు పక్కలా సన్నటి అల్యూమినియం ఛానళ్ళు పెట్టి, పైకప్పును ముందు అంచున కొంచెం లోపలికి జరిపారు. ముందు పలక ఏడు కిలోలే. అద్దాలవాళ్ళు వాడే రబ్బరు పట్టు కప్పుతో పట్టుకుని పైకి లాగితే వచ్చేస్తుంది. ఆ పట్టు కప్పు కూడా ఒకటి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

తర్వాత పీఠం మాట వచ్చింది. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. వద్దన్నాను. టేకు పెడదామన్నారు. టేకైనా చెక్కే, దాని ఆవిరి దానికి ఉంటుంది, ఓడ చెక్క ఎలాగూ లోపల ఉంది, దానికి ఇంకొంత చెక్క తోడు చేయడం ఎందుకని చెప్పాను. కాసేపు పలకల వైపు చూస్తూ ఉండి, “అయితే అడుగున కూడా అద్దమే వేద్దాం. కింద అల్యూమినియం యాంగిల్ చట్రం. చెక్కే ఉండదు” అన్నారు. నాకు తోచని ఉపాయమని మొదట్లో చెప్పింది ఇదే. గాలి ఆడటానికి అద్దానికి రంధ్రాలు వేయడం ఖర్చు, పగులుతుందన్న భయం కూడా. దానికి బదులు అడుగు పలకను రెండు చివర్లా ఒక్కో సెంటీమీటరు తక్కువగా కోశారు. ఆ రెండు సందులకు కింద నుంచి పలుచటి మల్లు గుడ్డ బిగించాం. చట్రానికి రెండంగుళాల కాళ్ళు ఉన్నాయి కాబట్టి కింద నుంచి గాలి వస్తుంది, గుడ్డ దుమ్మును ఆపుతుంది. గుడ్డ మాసితే ఓడను కదపకుండానే మార్చుకోవచ్చు. అడుగు పలక మాత్రం 8 మిల్లీమీటర్లది.

అసలు పట్టింపు సిలికాన్ దగ్గర వచ్చింది. అద్దాలు అతికించే సిలికాన్ రెండు రకాలు. చేపల తొట్లకు మామూలుగా వాడేది ఆరేటప్పుడు గుప్పుమని వెనిగర్ వాసన వేస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిదే. దేని నుంచి తప్పించుకోవాలని ఇంత ఏర్పాటు చేశామో, దాన్నే మళ్ళీ పెట్టె అంచుల నిండా పూసినట్టవుతుంది. రెండోది న్యూట్రల్ రకం, ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలదు. కొట్టులో ఉన్నవన్నీ మొదటి రకం గొట్టాలే. తేడా వివరించి చెప్పాను. ఆయన గొట్టం మూతి దగ్గర వాసన చూసి, “నలభై ఏళ్ళుగా ఈ వాసన పీలుస్తున్నాను, ఇది లోహాన్ని తింటుందని ఎవరూ చెప్పలేదు” అన్నారు. కుర్రవాణ్ణి ట్రంకు రోడ్డుకు పంపి న్యూట్రల్ రకం తెప్పించారు. గొట్టం ధర ఎక్కువ, ఆ తేడా నేనే ఇచ్చాను. అది మెల్లగా ఆరుతుంది. పెట్టె తయారయ్యాక కూడా కొన్నాళ్ళు కొట్టులోనే తెరిచి ఉంచమంటే, ఉన్న కాస్త చోటులో సర్దుకుని ఉంచారు. ఇది చాలామంది చేయరు.

లోపాలూ చెప్పాలి. అన్న తేదీకి ఇవ్వలేదు. పండగ ముందు కిటికీ పనులు మీద పడ్డాయని వాయిదా వేశారు, ఫోను చేస్తేనే చెప్పారు. వెనక పలక పై అంచు ఒకచోట సరిగా అరగదీయలేదు, వేలు పోనిస్తే గరుకుగా తగులుతుంది. చూపిస్తే ఇంటికి వచ్చి రాయితో నునుపు చేశారు, అయినా వెలుతురు పడితే ఆ చోటు తెలుస్తుంది. రవాణా వాళ్ళ పూచీ కాదన్నారు. ఆటోలో పాత పరుపు వేసి మేమే తెచ్చుకున్నాం. బిల్లు అడిగి రాయించుకోవాలి. అన్నీ కలిపి ఏడు వేలకు కొంచెం తక్కువ అయింది. ఇంటర్నెట్ పెట్టె కన్నా ఎక్కువే, అయినా పెట్టిన ప్రతి రూపాయికి తగిన పని. అయిదింటికి నాలుగున్నర ఇస్తాను.

పెట్టె ఎంత బాగున్నా పెట్టే చోటు సరిగా లేకపోతే లాభం లేదు. మా హాల్లో పడమటి కిటికీ ఉంది. రోహిణీ కార్తెలో సాయంత్రం దాకా ఎండ గోడ మీదే ఉంటుంది. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలలో కొన్నిటినే ఆపుతుంది, మిగతావి లోపలికి వచ్చి నూలు దారాలను పెళుసు చేస్తాయి, రంగు వెలిసేలా చేస్తాయి. సున్నితమైన బట్టలు, దారాలు ఉన్నచోట మ్యూజియంలు వెలుతురును 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గరే ఆపుతాయి. ఇంట్లో అంత చీకటి కుదరదు గానీ, ఎండ నేరుగా తగలని ఉత్తరపు గోడ దగ్గర పెట్టడం మన చేతిలోనే ఉంది. పెట్టె లోపల బల్బు వద్దు. ఎల్.ఇ.డి. పట్టీ అయినా వేడి పుట్టిస్తుంది. వెలిగించినప్పుడు వేడెక్కడం, ఆర్పినప్పుడు చల్లారడం రోజూ జరిగితే చెక్క అతుకులు వదులవుతాయి. ఏ.సి. గాలి సూటిగా తగిలే చోటూ వద్దు. పూజ గది పక్కన పెట్టకండి, అగరుబత్తి పొగ, దీపం మసి జిడ్డుగా పేరుకుంటాయి. వంటింటి తాలింపు ఆవిరికీ అదే గుణం ఉంది. ఆ జిడ్డు మీద పడిన దుమ్ము బ్రష్‌కు రాదు.

దారాల సంగతి వానాకాలంలో తెలుస్తుంది. మెలివేసిన నూలు దారం తేమ తగిలితే లావై, పొడవు తగ్గి బిగుసుకుంటుంది. ఎండాకాలంలో వదులవుతుంది. నవంబరు ముసురులో దగ్గరికి వెళ్ళి చూస్తే, వెనక స్తంభం చివరి సన్నటి కొయ్యను దారం వెనక్కు లాగి కొద్దిగా వంచడం కనిపిస్తుంది. ఎండలొచ్చాక అదే దారం వేలాడుతుంది. చూడగానే వదులైన దారాన్ని బిగించబోకండి, మళ్ళీ వానలకు కొయ్య విరుగుతుంది. ఇలా గాలి ఆడే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి ఉపయోగం లేదు. ఆ పొట్లం ఊరి తేమంతా పీల్చలేదు కదా. గది తలుపులు ముసురు రోజుల్లో మూసి ఉంచడం అంతకన్నా మేలు.

పురుగుల కోసం కలరా ఉండలు వేయమని బంధువులు చెప్పారు. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, ప్లాస్టిక్ నమూనాలున్నవాళ్ళు ఆ జోలికి పోకూడదు. చెక్క ఓడకైనా మూసిన పెట్టెలో ఏ ఆవిరీ మంచిది కాదు. మా పెట్టెకు కాళ్ళున్నాయి, గోడకు తగలకుండా నాలుగు వేళ్ళు దూరంలో ఉంది. చెద వస్తే ఆ కాళ్ళ మీదుగానే మట్టి బాట కట్టుకుంటూ రావాలి, అద్దం మీద, అల్యూమినియం మీద ఆ బాట కనబడకుండా పోదు. వారానికోసారి కింద టార్చి వేసి చూస్తాను.

శుభ్రం చేసేటప్పుడు ఓడను గుడ్డతో అసలు తుడవను. గుడ్డ పోగు ఏదో ఒక కప్పీకి చిక్కుకుంటుంది. చిత్రకారులు వాడే మెత్తటి ఉడుత వెంట్రుకల బ్రష్ ఒకటి, వాక్యూమ్ క్లీనర్ ఒకటి చాలు. క్లీనర్ మూతికి పలుచటి గుడ్డ కట్టి, తక్కువ వేగంలో పెట్టి, ఓడకు జానెడు దూరంలో పట్టుకోవాలి. బ్రష్‌తో పై నుంచి కిందికి దుమ్మును ఆ మూతి వైపు తోస్తూ రావాలి. ముందు స్తంభాల పైభాగం, తర్వాత అడ్డకొయ్యలు, చివర డెక్కు. ఏ చిన్న ముక్కైనా ఊడి వస్తే ఆ గుడ్డ మీదే ఆగుతుంది, పోదు. అంటుకున్న జిడ్డుకు దూదిపుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండేసి, ఒకచోట రాసి చూడాలి. నీటికి రానిది ఒక్కోసారి ఉమ్మికి వస్తుంది. అందులోని ఎంజైముల వల్ల చాలా మ్యూజియంలలో నిపుణులు ఇప్పటికీ అదే వాడతారు. ఓడ పొట్టకు అతికించిన రాగి రేకులను చింతపండుతో తోమాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఆగండి. అసలు కటీ సార్క్ అడుగుకూ రాగి కలిసిన లోహపు తొడుగే ఉండేది, అది నల్లబడటమే సహజం. చెమట చేతులతో పట్టుకోకపోతే చాలు, లేదంటే వేలిముద్రలు ఆ రేకుల మీద శాశ్వతంగా నిలిచిపోతాయి.

లండన్‌లోని గ్రీనిచ్‌లో అసలు ఓడ కూడా ఇప్పుడు అద్దాల నడుమే ఉంది. 2007లో మరమ్మతుల మధ్య మంటలు అంటుకుని చాలా నష్టపోయింది. 2012లో మళ్ళీ తెరిచినప్పుడు ఓడను మూడు మీటర్ల దాకా పైకి లేపి, చుట్టూ అద్దపు కప్పు కట్టి, సందర్శకులు కింద నడిచేలా చేశారు. తమ్ముడు అక్కడికి వెళ్ళి ఫొటోలు పంపితే కొట్టు యజమానికి చూపించాను. ఆయన ఓడను చూడలేదు, అద్దాల అతుకులను పెద్దవి చేసి చేసి చూశారు.

తమ్ముడి తర్వాతి ఓడ మనదే. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది కదా, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల్లో బాగా తెలిసినది. దాన్ని చూసి కడతానంటున్నాడు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న తీర గ్రామం మోటుపల్లిలో, తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు జప్తు చేయబోమని కాకతీయ గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం ఉంది. ఆ మాటలు ఒక చిన్న రాగి రేకు మీద చెక్కించి ఓడ పక్కన పెట్టాలని నా కోరిక. దానికీ ఇదే కొట్టులో పెట్టె చెప్పాను. ఈసారి అంచులన్నీ మిషను మీద అరగదీయాలని, తేదీ రాసివ్వాలని ముందే మాట తీసుకున్నాను. పొద్దున పదికే వెళ్ళండి, మధ్యాహ్నమైతే యజమాని బయటి పనుల మీద ఉంటారు. కొలతలు కాగితం మీద రాసుకెళ్ళండి, సిలికాన్ గొట్టం మీద ‘న్యూట్రల్’ అని ఉందో లేదో అతికించడం మొదలుపెట్టక ముందే చూసుకోండి.